రాత్రి పాలకు సోఫా వద్దు

తెల్లవారుజామున మూడింటికి పాలిస్తూ కునుకు తీయని బాలింత ఉండదు. బిడ్డ పాలు తాగుతుంటే తల్లి ఒంట్లో ఊరే ఆక్సిటోసిన్, ప్రొలాక్టిన్ హార్మోన్లే మగత తెస్తాయి. కాబట్టి నిద్ర ఎలా ఆపుకోవాలన్నది కాదు లెక్క, ఆ కునుకు ఎక్కడ పట్టాలన్నది.

"పక్కలో వేసుకోవద్దు" అన్న డాక్టరు మాటకు భయపడి, మంచం దిగి హాల్లో సోఫాలో కూర్చుని పాలిచ్చే తల్లులున్నారు. అసలు ప్రమాదం అక్కడే. తల్లి ఒరిగిపోతే బిడ్డ ఆమె ఒంటికీ సోఫా వీపుకీ మధ్య జారి, ముఖం మెత్తలో కూరుకుపోతుంది. అమెరికాలోని పిల్లల డాక్టర్ల సంఘం, అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్, 2022 సూచనల్లో, కనీసం ఆరు నెలలు బిడ్డ తల్లి గదిలోనే, వేరే పక్క మీద పడుకోవాలంది. పాలిస్తూ నిద్రపోయే అవకాశం ఉంటే మాత్రం సోఫా, కుర్చీల కన్నా మంచమే నయమనీ అంది. తల్లిపాల మీద పనిచేసే డాక్టర్ల సంఘం, అకాడమీ ఆఫ్ బ్రెస్ట్‌ఫీడింగ్ మెడిసిన్, 2020లో ఇంకో అడుగు ముందుకేసి, పాలిచ్చే తల్లులందరికీ పక్కలో క్షేమంగా పడుకోబెట్టుకోవడం ఎలాగో నేర్పమంది. ఒట్టి "వద్దు" కన్నా ఇదే తల్లులకు పనికొచ్చే మాట.

ముందు, ఎవరు పక్కలో వేసుకోకూడదో చూద్దాం. ఇంట్లో తల్లిగానీ తండ్రిగానీ సిగరెట్ తాగితే (బాల్కనీలో తాగొచ్చినా సరే), ఆ రాత్రి మందు తాగితే, మత్తు తెచ్చే మాత్ర వేసుకుంటే వద్దు. జలుబు మాత్రల్లోనూ మత్తు తెచ్చేవున్నాయి, అట్ట చూసి వేసుకోండి. 37 వారాలు నిండకుండా పుట్టిన బిడ్డ, రెండున్నర కిలోల లోపు పుట్టిన బిడ్డ, పూర్తిగా డబ్బా పాల మీదున్న బిడ్డ కూడా వేరే పక్క మీదే, మీ చెయ్యి అందేంత దూరంలో పడుకోవాలి.

మిగతావాళ్లు పక్క సరిచేసుకోవాలి. బెంగళూరు అద్దె ఇళ్లలో పడగ్గది చిన్నది, మంచం గోడకు జరిపి ఉంటుంది. ఆ గోడకూ పరుపుకూ మధ్య నాలుగు వేళ్ల సందు చాలు, బిడ్డ ఇరుక్కోవడానికి. డబుల్ కాట్ మీద రెండు సింగిల్ పరుపులు జోడిస్తే నడుమ గాడి అంతే ప్రమాదం. పరుపు తీసి నేల మీద, గోడకు బాగా ఎడంగా వేయడం మేలు. మెమరీ ఫోమ్, నడుమ గుంట పడ్డ బూరుగుదూది పరుపు రెండూ పనికిరావు. అరచేత్తో గట్టిగా నొక్కి తీస్తే గుంట ఉండిపోకూడదు. దుప్పటి అంచులు నాలుగు వైపులా లోపలికి దోపండి. రజాయి, బొమ్మలు, బిడ్డ చుట్టూ పేర్చే దిండ్లు తీసేయండి. కింద పడకుండా పెట్టే ఆ దిండ్లే ఊపిరికి అడ్డం.

పక్కకు తిరిగి పడుకుని, బిడ్డను రొమ్ము ఎత్తులో వేసుకోండి, మీ దిండు దగ్గర కాదు. కింది చెయ్యి బిడ్డ తలకు ఎగువన పరుపు మీద చాచి, మోకాళ్లు బిడ్డ పాదాలకు దిగువన ముడవండి. అలా ఉంటే బిడ్డ పైకి దిండు వైపూ జారదు, కిందికి దుప్పట్లోకీ జారదు. మీ దుప్పటి నడుం దాకానే, పైన బొత్తాల స్వెటర్ వేసుకోండి. జడ ముడి వేసుకోండి. పుస్తెలతాడుకు వేలాడే పిన్నీసులు పడుకునే ముందు తీసేయండి. పాలయ్యాక బిడ్డను వెల్లకిలా తిప్పండి. అమ్మానాన్నల నడుమ కాదు, తల్లికి అటు పక్క. పెద్ద పిల్ల ఉంటే తండ్రి వైపు. పొత్తిళ్లలో బిగించి చుట్టిన బిడ్డను మాత్రం పక్కలో వేసుకోవద్దు, చేతులు ఆడాలి.

వెల్లకిలా అనగానే అమ్మమ్మలకు ఒకటే భయం, పాలు కక్కితే పొలమారుతుందని. జరిగేది దానికి తలకిందులు. వెల్లకిలా ఉన్నప్పుడు శ్వాసనాళం పైన, అన్నవాహిక కింద ఉంటాయి. కక్కిన పాలు శ్వాసలోకి పోవాలంటే ఎదురెక్కాలి. బోర్లా వేస్తే నాళం కిందికొస్తుంది, పాలు తేలిగ్గా అటే జారతాయి. తల గుండ్రంగా రావాలని పెట్టే ఆవాల దిండూ వద్దు. మెలకువగా ఉన్నప్పుడు, మీరు పక్కనే ఉండి, రోజుకు రెండు మూడు సార్లు మూడేసి నిమిషాలు బోర్లా వేయడంతో మొదలుపెట్టి, మెల్లగా పెంచండి.

డిసెంబరు, జనవరి రాత్రుల్లో బెంగళూరు చలి కోస్తా నుంచి వచ్చినవాళ్లకు గట్టిగానే తోస్తుంది. స్వెటర్, సాక్సు, కుల్లా, పైన కంబళి అన్నీ ఎక్కించేస్తారు. చలిలాగే ఉడుకూ ప్రమాదమే. మీరు వేసుకున్న దాని మీద ఒక్క పొర ఎక్కువ చాలు. గదిలో కుల్లా తీసేయండి, పసివాళ్ల వేడి తల నుంచే బాగా పోతుంది. చేతులు, కాళ్లు చల్లగా ఉండడం మామూలే. మెడ వెనక చెయ్యి పెట్టి చూడండి, చెమట తగిలితే ఒక పొర తీసేయండి.

చీర ఉయ్యాల సంగతి చాలామంది అడుగుతారు. వంగిన గుడ్డలో గడ్డం ఛాతీకి ఆనుతుంది, మెడ పట్టు లేని బిడ్డకు గాలి దారి నలుగుతుంది. మీరు చూస్తుండగా కాసేపు ఊపడానికి పర్లేదు. నిద్రపోగానే తీసి చదునైన పక్క మీద వెల్లకిలా వేయండి. లేస్తుందేమో, లేవనివ్వండి.