బీరువా వెనక గోడ

నిద్ర రావట్లేదు. ఈయనకి చెప్తే "పొద్దున మాట్లాడుకుందాంలే" అని అటు తిరిగి పడుకున్నారు. కింది వాటా పడకగదిలో బీరువా వెనకాల గోడంతా చెమ్మ. పెయింట్ ఉబ్బి పెచ్చులుగా ఊడుతోంది, పైమూల నల్లగా బూజు పట్టింది. ఇది వారం పది రోజుల్లో అయ్యేది కాదు, నెలల తరబడి నీళ్ళు దిగితేగాని గోడ అలా అవ్వదు.

ఇల్లన్నాక ఎప్పుడో ఒకప్పుడు కారుతుంది, దానికి నాకేం బాధ లేదు. అక్కడ అద్దెకున్న అమ్మాయి మరక చిన్నగా ఉన్నప్పుడే చూసిందట, చూసి బీరువాని దానికి అడ్డంగా జరిపిందట! అది మాత్రం మింగుడు పడట్లేదు. అప్పుడే ఒక్క ఫోన్ చేసుంటే పై బాత్రూంలో టైల్స్ సందులు పూడ్పించి ఊరుకునేవాళ్ళం. ఇప్పుడు ప్లాస్టరింగ్ ఇటుక దాకా కొట్టించాలి, ఆరనివ్వాలి, మళ్ళీ పూయించాలి, పెయింట్ వేయించాలి. వీటన్నిటికంటే నాకు భయం శ్లాబులో ఇనుము గురించి. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బుతుంది, ఉబ్బి చుట్టూ ఉన్న కాంక్రీటుని పగలగొడుతుంది, అక్కడిదాకా వస్తే అది రిపేరు కాదు, పెద్ద పని. అద్దె ఒక్క రోజు ఆలస్యం చెయ్యని పిల్ల, కరెంటు బిల్లు కట్టి ఫొటో పంపే పిల్ల, ఇలా ఎందుకు చేసిందా అని సాయంత్రం నుంచి అదే ఆలోచన.

అదే ఇంతకుముందు ఆ వాటాలో అద్దెకున్న మన మాస్టారైతే? పాతవాళ్ళకి తెలుసుగా, ఆయన సంగతి ఎన్నిసార్లు రాశానో. ఇదే గదిలో ఇంకో గోడకి చిన్న మరక వస్తే పెన్సిల్‌తో దాని అంచు వెంబడి గీత గీసి పక్కన తేదీ వేశారు. కొన్నాళ్ళకి మరక గీత దాటింది, ఇంకో గీత, ఇంకో తేదీ. అప్పుడు నన్ను పిలిచి చూపించారు. పై వాళ్ళని బతిమాలి కొన్నాళ్ళు ఆ బాత్రూం వాడకుండా ఆపించారు. మరక పెరగడం ఆగింది. "అమ్మా, కుళాయిలకి వచ్చే పైపుల్లో నీళ్ళు ఎప్పుడూ ఉంటాయి, అవి కారుతుంటే మనం వాడినా మానినా మరక పెరుగుతూనే ఉండాలి, ఆగిందంటే లోపం నేలలోనో మురుగు గొట్టంలోనో ఉంది" అన్నారు. తర్వాత నీళ్ళు పోయే కన్నం గట్టిగా మూసి, నేల మీద కాస్త నీళ్ళు నిలబెట్టి రాత్రంతా వదిలేయించారు. తెల్లారేసరికి మరక గీత దాటి ముందుకొచ్చింది. గొట్టంలోకి నీళ్ళే పోలేదు కాబట్టి లోపం నేలదేనని తేలింది. మేస్త్రీ వచ్చి ముందు మరకకి సరిగ్గా పైన ఉన్న టైల్స్ తీస్తానంటే మాస్టారే వద్దన్నారు. నీళ్ళు శ్లాబులో ఎక్కడ సందు దొరికితే అక్కడిదాకా పాకి దిగుతాయి కదా, మరక ఒకచోట ఉంటుంది, లోపం ఇంకోచోట. చివరికి అది తలుపు దగ్గర దొరికింది.

ఆయన అద్దె చుట్టుపక్కల వాళ్ళకంటే తక్కువ అని అందరూ నన్ను పోరేవారు. నేను లెక్క వేసే వదిలేశాను. అద్దె 10 శాతం పెంచితే ఆయన ఖాళీ చేసి, ఇల్లు ఒక్క నెల ఖాళీగా ఉండి, కొత్తవాళ్ళు 11 నెలలు ఆ పెంచిన అద్దె కట్టినా మొత్తం మీద వచ్చేది 12.1 నెలల పాత అద్దె. ఆయనే ఉంటే 12. ఆ 0.1తో పెయింటూ రాదు, బ్రోకర్‌కి ఇచ్చేదీ రాదు. పైగా గోడ మీద తేదీలు వేసే మనిషి ఎక్కడ దొరుకుతాడు?

ఇక్కడిదాకా రాసి, ఇక నుంచి ప్రతి నెలా వెళ్ళి గదులన్నీ చూసి రావాలని తీర్మానం కూడా రాయబోయాను. రాయబుద్ధి కాలేదు. వచ్చేటప్పుడు గుమ్మం దగ్గర ఆ అమ్మాయి అన్న మాట గుర్తొచ్చింది. "ఆంటీ, ముందు ఉన్న ఇంట్లో గోడ చెమ్మగా ఉందని చెప్తే మా వల్లే అని అడ్వాన్స్‌లోంచి కోసుకున్నారు." ఆ ఓనర్ ఎవరో నాకు తెలీదు గానీ, ఆయన అప్పుడు కోసుకున్న డబ్బుకి ఇవాళ మా గోడ పాడైంది. చెప్పినవాళ్ళకే నష్టం వస్తే ఎవరు చెప్తారు? నెలనెలా నేను వెళ్ళి తొంగి చూస్తే దాచేవాళ్ళు ఇంకా బాగా దాస్తారు తప్ప ఏమీ మారదు. అందుకని అగ్రిమెంట్‌లోనే ఒక మాట రాయించాలనుకుంటున్నాను: ఇంటి వయసు వల్ల వచ్చే రిపేర్లు మావి, కనిపించగానే చెప్తే అడ్వాన్స్ జోలికి రాం అని. అయినా కోపం పూర్తిగా పోలేదు. మా దగ్గర ఇన్నాళ్ళు ఉంది కదా, మేం అలాంటివాళ్ళం కాదని తెలియలేదా అనిపిస్తూనే ఉంది.

పై వాటా వాళ్ళు మాత్రం నేను అడగకముందే ఆ బాత్రూం వాడడం ఆపేస్తామన్నారు. ప్రాణం లేచొచ్చింది.

ఇక ఆ రెండో ఇల్లు. నిన్నటిదాకా కొందామనే నేనూ అన్నాను. అద్దెకున్నవాళ్ళతో సహా వస్తుంది, మొదటి నెల నుంచే డబ్బు అని బ్రోకర్ ఊరిస్తున్నాడు. కానీ అమ్మేవాళ్ళు చెప్పే ధర ఆ ఇంటి 25 ఏళ్ళ అద్దె, అంటే ఖర్చులేవీ తియ్యకుండానే ఏడాదికి 4 శాతం. పన్నులు, రిజిస్ట్రేషన్, ఏడాదిలో ఒక నెల ఖాళీ, రిపేర్లు తీస్తే 3 మిగిలితే గొప్ప. లోన్ వడ్డీ అంతకు రెట్టింపు దాటుతుంది, తేడా ప్రతి నెలా మన జేబులోంచే. ధర పెరుగుతుంది కదా అంటారు ఈయన. పెరగొచ్చు. అది నమ్మి కొంటున్నామని ఒప్పుకుని కొనాలి, అద్దె కోసం కొంటున్నామని చెప్పుకోకూడదు.

అద్దె అంత వస్తుందన్నది కూడా అగ్రిమెంట్ కాగితం మీద మాటే. అమ్మే ముందు తెలిసినవాళ్ళని పెట్టి ఎక్కువ అద్దె రాయించుకోవడం కష్టమేం కాదు, ఏడాది బ్యాంకు స్టేట్‌మెంట్ చూపించమనాలి. అద్దెకున్నవాళ్ళ అడ్వాన్స్ అమ్మేవాళ్ళ దగ్గర ఉంది, రేపు ఖాళీ చేస్తే అడిగేది మమ్మల్ని, కాబట్టి దాన్ని ధరలో తగ్గించాలి. బ్రోకర్ లేకుండా ఆ ఇంట్లో వాళ్ళతో ఒక పూట మాట్లాడనివ్వాలి, బీరువాలు జరిపి చూడనివ్వాలి. వీటిల్లో దేనికి కుదరదన్నా నేను సంతకం పెట్టను, ఈయన ఎంత అలిగినా సరే.

మేస్త్రీ ఎనిమిదికి వస్తానన్నాడు.