నెలలో రెండో మంగళవారం

మందుల షాపు బాబాయ్ గారి సర్వర్ పనులు ఇవాళ ఒక కొలిక్కి వచ్చాయి. ఆయన మా నాన్నకి స్నేహితుడు, విజయనగరంలో మెడికల్ హోల్‌సేల్. బిల్లింగ్ డేటా అంతా అద్దెకి తీసుకున్న ఉబుంటు (ఒక రకం లైనక్స్) సర్వర్‌లో ఉంటుంది. దానికి మౌస్ లేదు, బొమ్మల్లేవు, ఉన్నదల్లా నల్ల తెర. రాత్రి బ్యాకప్పులు, పొద్దుటి లిస్టులు ఎవరూ కూర్చోకుండా వాటంతటవే నడవాలంటే, టైము ప్రకారం పనులు నడిపే ప్రోగ్రాం అయిన క్రాన్‌కి అప్పజెప్పాలి. ఇన్నాళ్ళూ అది చూసుకున్న కుర్రాడికి హైదరాబాద్‌లో ఉద్యోగం రావడంతో ఆ పని నా మీద పడింది.

పిన్ని కొడుకు కూడా పక్కన కూర్చున్నాడు. బీటెక్ చదువుతున్నాడు, నేర్చుకుంటానన్నాడు. ముందు వాడికి చెప్పింది ఒకటే. క్రాన్ పనుల పట్టికనీ, దాన్ని తెరిచే కమాండ్‌నీ క్రాన్‌ట్యాబ్ అంటారు. క్రాన్‌ట్యాబ్ తర్వాత హైఫన్ ఈ (-e) కొడితే ఎడిట్ అవుతుంది. హైఫన్ ఆర్ (-r) కొడితే ఉన్న పనుల పట్టిక మొత్తం పోతుంది. నిజంగా తీసేయమంటావా అని కూడా అడగదు. కీబోర్డు మీద ఆ రెండూ పక్కపక్కనే. ఇలా పెట్టిన మహానుభావులెవరో గానీ, అందుకే నేను ఎడిట్ చేసే ముందు హైఫన్ ఎల్‌తో ఉన్నదంతా ఒక ఫైలులోకి దింపుకుంటాను. వాడూ అదే చేశాడు.

బాబాయ్ గారికి ఫోన్ చేసి ఏం కావాలో అడిగాను.

"రోజూ రాత్రి షాపు కట్టీసాక బ్యాకప్ అయిపోవాలమ్మా."

"ఎన్నింటికి కడతారు బాబాయ్?"

"తొమ్మిదిన్నర. పండగల ముందు పదకొండు దాటిపోద్ది."

అలా అయితే పన్నెండుకి పావుగంట తక్కువ అనుకున్నాం. క్రాన్‌లో ఒక పనికి ఒక లైను, ముందు అయిదు గళ్ళు: నిమిషం, గంట, తారీఖు, నెల, వారం. నక్షత్రం పెడితే ఏదైనా సరే అని. తమ్ముడు వెంటనే 45 23 * * * అని కొట్టేశాడు. సర్వర్ గడియారం యూటీసీలో, అంటే ప్రపంచ ప్రామాణిక సమయంలో ఉందిరా, మనకంటే అయిదున్నర గంటలు వెనక అన్నాను. అంటే ఇది 15 18 * * * అవుతుంది.

"గడియారాన్నే మన టైముకి మార్చేస్తే పోదా అప్పా?" అన్నాడు.

పోతుంది, ఒక్క కమాండ్ చాలు. కానీ అదే సర్వర్‌లో ఇంకో షాపు పనులు కూడా యూటీసీ లెక్కలోనే రాసి ఉన్నాయి. గడియారం కదిపితే అవన్నీ అయిదున్నర గంటలు జరిగిపోతాయి. అందుకని దాన్ని ముట్టుకోలేదు. ప్రతి లైను పైన హ్యాష్ గుర్తుతో మన టైము రాసి పెట్టాం. ఆ కామెంటుకి విడిగా ఒక లైను ఉండాలి. పని రాసిన లైను చివర తగిలిస్తే అది కూడా కమాండ్‌లో భాగమనుకుంటుంది.

రెండో పని సోమవారం తెల్లవారి అయిదింటికి బాకీల లిస్టు. సేల్స్ కుర్రాళ్ళు ఆ రోజు షాపుల చుట్టూ లైనుకి వెళ్ళేముందు చేతిలో ఉండాలి. ఇక్కడ వారం కూడా మారిపోతుంది. మనకి సోమవారం అయిదు అయితే సర్వర్‌కి ఇంకా ఆదివారం రాత్రి పదకొండున్నరే. కాబట్టి 30 23 * * 0. ఆదివారానికి 0 అన్నా 7 అన్నా ఒకటే. తమ్ముడు గంట మార్చుకున్నాడు గానీ వారం గడిలో 1 అలాగే ఉంచేశాడు. అలా వదిలేస్తే లిస్టు మంగళవారం వచ్చేది, కుర్రాళ్ళు సోమవారం ఖాళీ చేతులతో తిరిగేవారు.

నెలాఖరు స్టాక్ రిపోర్టు దగ్గర వాడు ఎక్కడో చూసిన చిట్కా చెప్పాడు. 28 నుంచి 31 దాకా రోజూ నడిపించి, రేపటి తారీఖు ఒకటి అవుతుందా అని చూసుకుని, అయితేనే పని చెయ్యడం. చిట్కా బాగానే పనిచేస్తుంది. అయితే నెలాఖరు రిపోర్టు ఎప్పుడు చూస్తారని బాబాయ్ గారిని అడిగితే, ఒకటో తారీఖు పొద్దున్న ఆడిటర్ గారికి పంపాలన్నారు. మన ఆరు గంటలంటే సర్వర్‌కి అర్ధరాత్రి దాటి అరగంట, తారీఖు అప్పటికే ఒకటి. 30 0 1 * *, అంతే. మనిషిని ఒక్క మాట అడిగితే సగం తెలివితేటలు అక్కర్లేకుండా పోతాయి.

అన్నిటికంటే ఎక్కువసేపు పట్టింది ఎక్స్‌పైరీ మందుల లిస్టు. కంపెనీ ప్రతినిధి నెలలో రెండో మంగళవారం వస్తాడు, ఆ రోజు ఏడింటికల్లా కావాలి. రెండో మంగళవారం ఎప్పుడూ 8 నుంచి 14 లోపే పడుతుంది కదా అని తమ్ముడు 30 1 8-14 * 2 రాశాడు. చూస్తే తప్పేమీ కనిపించదు. కానీ తారీఖు గడి, వారం గడి రెండూ నింపితే క్రాన్ వాటిని కలిపి చూడదు, ఏ ఒక్కటి కుదిరినా నడిపేస్తుంది. 8 నుంచి 14 దాకా ప్రతి రోజూ, పైగా మిగతా మంగళవారాలన్నీ. నెలకి పదో పదకొండో లిస్టులు! మిగతా గళ్ళన్నీ "ఇదీ, అదీ" అంటుంటే ఈ రెండు మాత్రం "ఇదో, అదో" అంటాయి. మాన్యువల్‌లో రాసే ఉంది, కానీ దెబ్బ తగిలాకే జనం అక్కడిదాకా వెళ్తారు.

కాబట్టి క్రాన్‌లో మంగళవారం ఒక్కటే ఉంచాం. తారీఖు 8కీ 14కీ మధ్య ఉందా అన్నది స్క్రిప్టు, అంటే కమాండ్లు రాసి పెట్టిన ఫైలు, చూసుకుంటుంది. ఆ తారీఖు పరీక్ష కూడా క్రాన్ లైనులోనే పెడదామన్నాడు వాడు. పెట్టొచ్చు గానీ, అక్కడ శాతం గుర్తు కనబడితే దాన్ని కొత్త లైనుగా తీసుకుంటుంది, ముందు బ్యాక్‌స్లాష్ పెట్టాలి. తారీఖు కమాండ్ నిండా శాతం గుర్తులే. అందుకే నాకు క్రాన్‌ట్యాబ్‌లో టైము, స్క్రిప్టు పూర్తి దారి, ఫలితం రాసుకునే లాగ్ ఫైలు తప్ప ఇంకేమీ ఉండటం నచ్చదు.

"అన్నట్టు అమ్మా, సిరిమాను రోజు షాపు ఉండదు. ఆ మంగళవారం లిస్టు వద్దు," అన్నారు బాబాయ్ గారు.

నవ్వొచ్చింది. పైడితల్లమ్మ సిరిమానోత్సవం విజయదశమి తర్వాత వచ్చే మంగళవారం. ముందు రోజు సోమవారం తొలేళ్ళ ఉత్సవం. 2023లో అక్టోబర్ 31న వచ్చింది, 2024లో 15న, 2025లో 7న. తిథి ఏ గడిలో రాయాలి? క్రాన్‌కి దశమీ తెలియదు, ఆశ్వయుజమూ తెలియదు. ఇప్పుడు ఉబుంటులో నడుస్తున్న క్రాన్‌కి మూలం పాల్ విక్సీ 1987లో రాసింది. పాపం ఆయనకి మన పండగలతో ఏం పని? సెలవుల తేదీలు లైనుకొకటి చొప్పున ఒక ఫైలులో రాసి, స్క్రిప్టు ముందు అది చూసుకునేలా పెట్టాం. ఊళ్ళో ప్రతివాడికీ నోటికొచ్చిన లెక్క, యంత్రానికి మాత్రం ఏటా చేత్తో రాసి ఇవ్వాలి.

మధ్యాహ్నం భోజనాలయ్యాక కరెంటు పోయింది. ఇన్వర్టర్ మీద కూర్చుని తమ్ముడు రాసిన బ్యాకప్ స్క్రిప్టు పరీక్షించాం.

"చేత్తో నడిపితే నడుస్తోంది అప్పా, క్రాన్‌లో ఏటీ అవట్లేదు."

ఇది అందరికీ ఎదురయ్యేదే. క్రాన్ మన లాగిన్ సెట్టింగులు చదవదు. కమాండ్లు వెతికే ఫోల్డర్లు మామూలుగా రెండే ఉంటాయి, కమాండ్లు నడిపే షెల్ కూడా మనం వాడే బాష్ కాదు. వాడు వాడిన ప్రోగ్రాం ఇంకో ఫోల్డర్‌లో ఉంది. నేను చెప్పకుండా, నిమిషానికోసారి క్రాన్‌కి కనబడే సెట్టింగులన్నీ, అంటే ఎన్విరాన్‌మెంట్ మొత్తాన్ని ఒక ఫైలులో రాసే లైను పెట్టించాను. ఫైలు తెరిచి వాడే పట్టుకున్నాడు. సర్వర్ తన చిట్టా రాసుకునే సిస్‌లాగ్‌లో మాత్రం పని మొదలైనట్టే ఉంది. అక్కడ కనబడేది మొదలుపెట్టామన్న మాట ఒక్కటే, సరిగ్గా ముగిసిందో లేదో చెప్పదు. తప్పుల సందేశాలు మెయిల్‌లో పంపాలని చూస్తుంది, ఆ సర్వర్‌లో మెయిల్ పెట్టుకోలేదు కాబట్టి పారేస్తుంది. అందుకే ప్రతి లైను చివరా లాగ్ ఫైలు పేరు, దాని వెనక, తప్పుల సందేశాలు కూడా అందులోకే వెళ్ళేలా, 2>&1 చేర్చాం.

సాయంత్రం గంటస్తంభం దగ్గర ఆటో దిగి షాపుకి నడిచాం. అక్కడ చిన్న లైనక్స్ పెట్టె ఒకటుంది, సర్వర్‌లోని బ్యాకప్‌ని రోజూ తన దగ్గరికి ఒక కాపీ తెచ్చుకోవాలి. కానీ కరెంటు బిల్లని రాత్రి దాన్ని ఆపేస్తారు. ఆపేసి ఉన్నప్పుడు తప్పిపోయిన పని గురించి క్రాన్ తర్వాత పట్టించుకోదు. దీనికి అనాక్రాన్ సరిపోతుంది. దాన్లో గంటలుండవు, ఎన్ని రోజులకోసారో, మొదలయ్యాక ఎన్ని నిమిషాలాగాలో రాస్తే చాలు. చివరిసారి ఎప్పుడు నడిచిందో రాసి పెట్టుకుని, మిషన్ ఆన్ కాగానే బాకీ పని అందుకుంటుంది. ఒక రోజు, పది నిమిషాలు అని రాశాం.

బాబాయ్ గారు టీ తెప్పించి, ఇంక తను చేయాల్సిందేమైనా ఉందా అని అడిగారు. కొత్త పంచాంగం రాగానే సిరిమాను తేదీ చెప్పండి చాలన్నాను. ఆ సెలవుల ఫైలు ఎలా ఎడిట్ చేయాలో తమ్ముడికి నేర్పేశాను కాబట్టి, ఆ ఫోనేదో వాడికే చెయ్యమని నంబరు కూడా ఇప్పించాను.