క్యాడ్, రెండరింగ్ సిస్టమ్ కొనేముందు ఒకసారి టాస్క్ మేనేజర్ తెరవండి

"అన్నా, త్రీడీ వర్క్‌కి సిస్టమ్ తీసుకుంటున్నా, ఏ గ్రాఫిక్ కార్డ్ వేయించమంటావ్?" నాకు వచ్చే ఫోన్లలో సగం ఇవే. మోడలింగ్ దేంట్లో చేస్తావు అంటే ఆటోక్యాడ్, స్కెచప్, త్రీడీఎస్ మ్యాక్స్ అని గడగడా చెప్తారు, మరి రెండర్ (మోడల్‌ని ఫొటోలా కనిపించే బొమ్మగా మార్చడం) దేంట్లో పెడతావు అంటే మాత్రం ఆలోచనలో పడతారు. డబ్బులు ఎక్కడ పెట్టాలో తేలేది ఆ రెండో జవాబు మీదే.

ఇప్పుడు వాడుతున్న సిస్టమ్‌లోనే ఒక పని చేసి చూడండి. పెద్ద డ్రాయింగ్ ఒకటి తెరిచి, అది రీజెన్ అవుతూ, అంటే మొత్తం మళ్లీ గీసుకుంటూ, నత్తనడక నడుస్తున్నప్పుడు పక్కన టాస్క్ మేనేజర్ పెట్టండి. సీపీయూ ఆరో పదో శాతం చూపిస్తుంది. సిస్టమ్ ఖాళీగానే ఉంది కదా మరి ఎందుకింత స్లో అని బుర్ర గోక్కుంటాం. ఖాళీగా ఏం లేదు, 16 థ్రెడ్ల (ఒకేసారి నడిపే పనుల వరసల) ప్రాసెసర్‌లో ఒక్క థ్రెడ్ పూర్తిగా నిండిపోతే మొత్తం లెక్కలో అది 6 శాతమే కనిపిస్తుంది. ఆటోక్యాడ్, స్కెచప్, సాలిడ్‌వర్క్స్‌లో మోడలింగ్ పని ఎక్కువ భాగం అలా ఒక్క కోర్ (ప్రాసెసర్ లోపల లెక్కలు చేసే భాగం) మీదే నడుస్తుంది, దానికి కావాల్సింది ఒక కోర్ ఎంత స్పీడ్‌గా ఉందనేది, కోర్లు ఎన్ని ఉన్నాయనేది కాదు. అదే సిస్టమ్‌లో కరోనా అనే రెండరింగ్ సాఫ్ట్‌వేర్‌లో రెండర్ పెట్టి చూడండి, వంద శాతం కొట్టేసి ఫ్యాన్లు హోరెత్తిపోతాయి.

కరోనా వాడేవాళ్లకి గ్రాఫిక్ కార్డ్ మీద లక్ష పెట్టడం దండగ, ఎందుకంటే అది రెండర్ చేసేది సీపీయూతోనే. రైజెన్ 9 9950ఎక్స్ లాంటి 16 కోర్ల ప్రాసెసర్ వేసుకుని కార్డ్ మామూలుది పెట్టుకుంటే చాలు. ఎన్‌స్కేప్, లూమియన్, డీ5, ట్విన్‌మోషన్ లాంటి రెండరింగ్ సాఫ్ట్‌వేర్లు వాడే బ్యాచ్‌కి లెక్క తిరగబడుతుంది, అక్కడ బరువంతా కార్డ్ మీదే కాబట్టి ప్రాసెసర్ 8 కోర్ల రైజెన్ 7 9700ఎక్స్ పెట్టి మిగిలింది కార్డ్‌లో పెట్టండి. వీ-రే అయితే సీపీయూతోనూ కార్డ్‌తోనూ, రెండు రకాలుగానూ పని చేస్తుంది, మీరు ఏ మోడ్‌లో పెడుతున్నారో సెట్టింగ్స్‌లో చూసుకోండి. ఇంకోటి, షాపుల్లో ఎక్స్‌3డీ ప్రాసెసర్లు (అదనపు క్యాష్ మెమరీ ఉన్న రైజెన్‌లు) "టాప్ మోడల్ సార్" అని అంటగడతారు, అది గేమ్స్ ఆడేవాళ్లకి బంగారమే గానీ 8 కోర్ల ఎక్స్‌3డీ రెండర్‌లో మామూలు 8 కోర్ల దానికంటే పొడిచేసేది పెద్దగా ఏం లేదు.

కార్డ్ కొనేటప్పుడు నేను ముందు చూసేది వీర్యామ్, అంటే కార్డ్‌లోనే ఉండే మెమరీ. ఒక విల్లా సీన్ తీసుకోండి, నాలుగు రకాల చెట్లు స్కాటర్ చేసి (సీన్ అంతా చల్లి), సోఫాకి 4కే టెక్స్చర్, కర్టెన్‌కి 4కే, కార్పెట్‌కి ఫర్ వేశారంటే 8 జీబీ ఇట్టే నిండిపోతుంది, నిండాక కొన్ని సాఫ్ట్‌వేర్లు సిస్టమ్ ర్యామ్‌లోకి దిగి ఈడుస్తాయి, కొన్ని ఎర్రర్ ఇచ్చి మూసుకుపోతాయి. అందుకే ఆర్‌టీఎక్స్ 5060 టీఐ తీసుకుంటే 16 జీబీదే తీసుకోండి, అదే పేరుతో 8 జీబీది కూడా అమ్ముతున్నారు, బాక్స్ మీద చూసుకోవాలి. రెండు కార్డులు వేస్తే 16, 16 కలిసి 32 అవుతుందనుకునేవాళ్లు ఉన్నారు, అవ్వదు, రెండింట్లోనూ సీన్ మొత్తం విడివిడిగా పట్టాలి.

హైదరాబాద్‌లో బాలానగర్ వైపు టూల్ డిజైన్ చేసేవాళ్ల కథ వేరే. సాలిడ్‌వర్క్స్‌లో రియల్‌వ్యూ (మోడల్ చేస్తుండగానే మెటీరియల్ నిజంలా చూపించే మోడ్) అధికారికంగా రావాలంటే సర్టిఫైడ్ ప్రొఫెషనల్ కార్డే కావాలి, వాళ్లకి గేమింగ్ కార్డ్ కంటే ఆర్‌టీఎక్స్ ఏ2000 లాంటి 70 వాట్ల చిన్న కార్డ్ నయం. ఆర్కిటెక్చర్, ఇంటీరియర్స్ వాళ్లు ఆ జోలికి పోనక్కర్లేదు.

ర్యామ్ 64 జీబీ, అదీ 32 చొప్పున రెండు స్టిక్కులే. "ఇప్పుడు రెండు 16లు వేయించి తర్వాత ఇంకో రెండు కలుపుకుందాం" అనే ప్లాన్ ఇప్పటి డీడీఆర్5 ర్యామ్‌లో అంత బాగా నడవదు, రైజెన్ 7000 సిరీస్‌కి ఏఎండీ చెప్పిన స్పీడే రెండు స్టిక్కులకి 5200 అయితే నాలుగు వేస్తే 3600కి పడిపోతుంది. 2025 చివర్నుంచి ర్యామ్ రేట్లు ఎలా మండిపోతున్నాయో తెలిసిందే, అయినా ఇక్కడ తగ్గించడం కంటే కేబినెట్ లైట్లలో తగ్గించుకోవడం మేలు. ఎస్ఎస్‌డీ జెన్4 చాలు.

వేడి సంగతి కూడా ముందే ఆలోచించుకోండి. మే నెలలో విజయవాడలో ఏసీ లేని రూమ్‌లో రాత్రంతా రెండర్ పెడితే ఎలాంటి కూలర్ అయినా ఏం చేస్తుంది, వేడి గాలినే తిప్పితిప్పి కొడుతుంది. 170 వాట్ల రైజెన్ 9 ఉంటే బయాస్‌లో (సిస్టమ్ ఆన్ అయ్యేటప్పుడు తెరిచే సెట్టింగ్స్) ఎకో మోడ్ పెట్టి 105కి దించండి, రెండర్ టైమ్ కొంచెమే పెరుగుతుంది, వేడి మాత్రం బాగా తగ్గుతుంది.

సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో తిరిగి కొటేషన్లు తెచ్చుకునేవాళ్లు ఒక లైను బాగా చూడండి, "650 వాట్ ఎస్ఎంపీఎస్" (అదే పవర్ సప్లై) అని రాసి కంపెనీ, మోడల్ లేకుండా ఉంటే ఆ కొటేషన్ వెనక్కిచ్చేసి రాసివ్వమనండి. డబ్బులు కొట్టేసేది అక్కడే. జీఎస్టీ ఉన్నవాళ్లు బిల్లు ఫర్మ్ పేరు మీద తీసుకుంటే కట్టిన 18 శాతం పన్ను ఇన్‌పుట్ క్రెడిట్‌లో తిరిగొస్తుంది, ప్రతి పార్టుకీ సీరియల్ నంబర్ బిల్లులో పడేలా చూసుకోండి, వారంటీకి వెళ్లినప్పుడు అడిగేది అదే.

యూపీఎస్ మీద 1000 వీఏ అని ఉంటే 1000 వాట్లు అనుకోవద్దు, చాలా మోడళ్లలో అది 600 వాట్లే, వెనక స్టిక్కర్ మీద చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఇక కేబినెట్ ముట్టుకుంటే వేలికి జిల్లుమంటోందంటే ముందు అనుమానించాల్సింది ఎర్తింగ్‌ని, ఆఫ్ చేసి, సిస్టమ్‌కి మళ్లీ కరెంట్ ఇచ్చేలోపే ఎలక్ట్రీషియన్‌ని పిలిపించి ఆ పాయింట్ చెక్ చేయించండి.