వినాయక మండపం దగ్గర ఓటరు నమోదు: నా అనుభవం

2020లో జరిగిన జీహెచ్‌ఎంసీ ఎన్నికల్లో నగర ఓటర్లలో సగం మంది కూడా ఓటు వేయలేదు. కూకట్‌పల్లిలోని మా అపార్ట్‌మెంట్ ఇందుకు మినహాయింపు కాదు. సంఘం సమావేశంలో ఓటు ప్రస్తావన తెస్తే, "మనం వేస్తే ఎంత, వేయకపోతే ఎంత" అనే మాటే వినబడేది. ఓటు కోసమే సమావేశం పెడితే ఎవరూ రారని తెలుసు కనుక, 2023 శాసనసభ ఎన్నికలకు ముందు, జనం ఎలాగూ కూడే చోటనే ఆ పని చేద్దామని మేము కొందరం అనుకున్నాం.

వినాయక నవరాత్రుల్లో సెల్లార్‌లోని మండపం పక్కన ఒక బల్ల వేసుకుని, హారతి అయ్యాక ప్రసాదానికి నిలబడినవారి పేర్లు ఓటరు జాబితాలో ఉన్నాయో లేవో ఫోన్‌లో చూసి చెప్పడం మొదలుపెట్టాం. నిరాశ అని మేము అనుకున్నదానిలో చాలా భాగం నిజానికి కాగితాల భయమేనని అక్కడే తెలిసింది. ఇల్లు మారినవారు కొత్త ఓటుకు ఫారం-6 నింపాలనుకుంటున్నారు. పాత ఓటును కొత్త చిరునామాకు మార్చుకోవడానికి ఫారం-8 సరిపోతుందని చెప్పగానే సగం బెంగ తీరింది. అక్టోబరు 1 నాటికి పద్దెనిమిదేళ్లు నిండితే చాలని తెలిసి, జనవరి దాకా ఆగాలనుకున్న ఇంజనీరింగ్ పిల్లలు ఆ రాత్రే దరఖాస్తు పెట్టారు.

బతుకమ్మ రోజులు ఇంకా బాగా కలిసివచ్చాయి. ఆటకు వచ్చినవారిలో ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లు కూడా ఉన్నారు. ఓటు ఇక్కడికి మార్చుకుంటే ఊళ్లో రేషన్ కార్డు పోతుందని వాళ్ల భయం. ఓటరు జాబితాకూ రేషన్‌కూ సంబంధం లేదని నేను చెబితే ఎవరూ నమ్మలేదు. అప్పటికే ఓటు మార్చుకుని, ఊళ్లో బియ్యం యథావిధిగా తెచ్చుకుంటున్న ఒకావిడ చెప్పాక నమ్మారు. అద్దె ఒప్పందం లేదు కనుక తనకు ఓటు రాదనుకున్న మా వాచ్‌మన్‌కు, పత్రం లేకపోయినా బూత్ స్థాయి ఎన్నికల అధికారి (బీఎల్‌ఓ) వచ్చి విచారించి ధ్రువీకరించవచ్చని వివరించాం. బీఎల్‌ఓ రావడానికి కాస్త ఆలస్యమైంది కానీ, పేరు మాత్రం ఎక్కింది.

దరఖాస్తుల గడువు అక్టోబరు 31తో ముగిసింది. ఆ ఎన్నికల్లో ఎనభై ఏళ్లు దాటినవారు ఫారం-12డి ఇస్తే ఇంట్లోనే ఓటు వేసే వీలుండటంతో, మూడో అంతస్తులోని మామ్మగారికి ఆ ఫారం మేమే నింపి ఇచ్చాం. ఎన్నికల సిబ్బంది వచ్చిన రోజు ఆవిడ పట్టుచీర కట్టుకుని కూర్చున్నారు. కార్తీక వనభోజనాల్లో పార్టీల ఊసు ఎత్తకూడదని ముందే షరతు పెట్టుకుని, పోలింగ్ కేంద్రం ఎక్కడ, చీటీ లేకపోతే ఏ గుర్తింపు కార్డు చెల్లుతుంది అన్నవి మాత్రమే చెప్పాం. ఆ షరతు లేకుంటే సగం మంది మధ్యలోనే లేచి వెళ్లేవారని నా అభిప్రాయం.

పోలింగ్ రోజైన నవంబరు 30న మా మెట్ల మీద ఉదయం నుంచే సందడి. అయితే 2024 మే 13న లోక్‌సభ పోలింగ్ నాటికి లెక్క మారింది. ఆంధ్రప్రదేశ్ శాసనసభకు కూడా అదే రోజు పోలింగ్ కావడంతో, ఓటు అక్కడే ఉంచుకున్న కుటుంబాలు రెండు రోజుల ముందే బస్సులెక్కాయి. ఇక్కడికి మార్చుకున్నవారిని కేంద్రానికి పిలుచుకుపోయే పని ఈసారి వాచ్‌మన్ దంపతులే చూసుకున్నారు.