రెండు వయొలిన్లు, ఒకటే చెవి

ప్రవాసంలో పెరిగే మన పిల్లలు కొందరు వయొలిన్ మీద వారంలో ఓ రోజు కర్ణాటక సంగీతం గురువుగారి దగ్గర వర్ణం, మరో రోజు వెస్టర్న్ టీచర్ దగ్గర జర్మన్ స్వరకర్త బాఖ్ రచనలు వాయిస్తుంటారు. హైస్కూలుకొచ్చేసరికి "ఏదో ఒకటి మానెయ్యమ్మా" అంటాం. పిల్ల మనసు సమకాలీన పాశ్చాత్య సంగీతం మీదుంటే ఆ మాట అనకండి. ఒకే వాద్యంతో రెండూ లాగించే పొదుపు మాత్రం మానుకోండి.

పాశ్చాత్య పద్ధతిలో తీగలు జి, డి, ఎ, ఇ. మనకి స-ప-స-ప. మూడు శ్రుతిలో, అంటే షడ్జం ఇ మీద, పెడితే అవి ఇ, బి, ఇ, బి. పై తీగ ఐదు అర్ధస్వరాలు (ఐదు స్వరస్థానాలు) దిగి, దాని బిగువు 44 శాతం దాకా తగ్గుతుంది. వారం వారం దించుతూ ఎక్కిస్తూ ఉంటే తీగ తెగడం చిన్న నష్టమే. బిగించినప్పుడల్లా తీగల్ని మోసే బ్రిడ్జ్ తల వేళ్ళు నొక్కే ఫింగర్‌బోర్డ్ వైపు వాలుతుంది. లోపల నిలువుగా ఉండే చిన్న కర్ర, సౌండ్‌పోస్ట్‌కి జిగురుండదు, ఒత్తిడి మీదే నిలబడుతుంది. తీగలన్నీ ఒకేసారి వదులు చేస్తే పడిపోవచ్చు. రెండో వయొలిన్ చవకదైనా ఫరవాలేదు.

కొత్త రచనల్లో పావు స్వరాలు, అంటే అర్ధస్వరంలో సగం దూరాలు, వస్తాయి. గమకం వచ్చిన పిల్లలకి అవి సులువని చాలామంది నమ్మకం. సగమే నిజం. తోడి గాంధారం ఊగుతూనే ఉంటుంది, ఒకచోట నిలవదు. స్కోర్‌లో ఒకే నిలువుగీత ఉన్న షార్ప్ (స్వరాన్ని పెంచే గుర్తు) కనిపిస్తే స్వరం 50 సెంట్లు, అంటే అర్ధస్వరంలో సగం, పైకెళ్ళి కదలకుండా నిలవాలి. తంబూరా డి మీద పెట్టుకుని, డికీ డి షార్ప్‌కీ నడిమధ్య స్వరాన్ని ఎనిమిది సెకన్లు వైబ్రాటో (వేలు సన్నగా ఊపడం) లేకుండా పట్టించండి. ట్యూనర్ ఆ తర్వాతే చూడాలి. మొదట్లో వేలు దానంతటదే ఊగుతుంది. కర్ణాటకం వైపు తంటా వేరు: షడ్జం మీద వైబ్రాటో చొరబడితే గురువుగారు ఇట్టే పట్టేస్తారు.

1973లో మొదలైన అమెరికా నలుగురి తీగవాద్య బృందం క్రోనోస్ క్వార్టెట్, యువ బృందాల కోసం రాయించిన 50 రచనల స్కోర్లూ పార్టులూ ఉచితంగా ఇస్తోంది. ఆరంభానికి అవి మేలు. ఇటలీ స్వరకర్త బెరియో 1976 నాటి సోలో వయొలిన్ రచన సెక్వెన్‌జా 8 కాలేజీ స్థాయిది. ఎ, బి అనే రెండు స్వరాలనే పట్టుకుని తిరుగుతుంది కాబట్టి, రాగంలో పెరిగిన చెవికి దారి దొరుకుతుంది. బౌ కర్రతో తీగల్ని కొట్టమనే రచనలూ ఉంటాయి. దానికి కార్బన్ ఫైబర్ బౌ విడిగా ఉంచండి, మంచి బౌ వార్నిష్ దెబ్బతింటుంది.

ఇక మనందరి ప్రశ్న, ఉద్యోగం. కొత్త సంగీతంలో ఆర్కెస్ట్రా కుర్చీలా నెల జీతం అరుదు. కచేరీ, రికార్డింగ్, పాఠాలు కలిస్తేనే ఆదాయం. కన్సర్వేటరీ (సంగీత కళాశాల) ఆడిషన్‌లో బాఖ్, ఆర్కెస్ట్రాతో సోలోగా వాయించే ఓ కాన్‌చెర్టో సాధారణంగా అడుగుతారు, వాటిని పక్కన పెట్టనివ్వకండి. తోటి కంపోజర్ విద్యార్థుల కొత్త రచనలు వాయించేటప్పుడు, స్కోర్ ఆరు వారాల ముందే చేతికి రావాలనీ, రికార్డింగ్ ఎవరు ఎక్కడ పెట్టొచ్చో రాతపూర్వకంగా ఉండాలనీ అడగమనండి. చేతికి అందని, రెండు తీగలు ఒకేసారి వాయించే డబుల్ స్టాప్‌లు అప్పుడైతే మార్పించుకోవచ్చు, మొదటి రిహార్సల్‌లో బయటపడితే కష్టం.