నాయన పద్మిని కారుకు పవర్ బ్రేకులు పెట్టించాలా?

పలమనేరు నుంచి వస్తూ మొగిలి ఘాటు దిగుతున్నాం. ముందున్న లారీ ఉన్నట్టుండి ఆగింది. నేను పెడల్ మీద దాదాపు నిలబడ్డాను. బండి ఆగింది గానీ లారీ వెనక రాసిన అక్షరాలు మరీ పెద్దగా కనిపించాయి. చిత్తూరు చేరేదాకా మా ఆవిడ నోరు విప్పలేదు. ఇంట్లో అడుగుపెట్టాక మాత్రం, "ఆ బ్రేకుల సంగతి తేలేదాకా నేను మీ కారెక్కను" అంది.

మాది 1984 మోడల్ ప్రీమియర్ పద్మిని, నాయన కొన్నది. నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులే, తొక్కే బలాన్ని పెంచే బూస్టర్ లేదు. నాకేమో 57 ఏళ్లు, కుడి మోకాలు అరిగింది. పవర్ బ్రేకులు పెట్టించేద్దామని మనసులో అనుకునే మెకానిక్ దగ్గరికి వెళ్లాను. మారుతి బూస్టర్, మాస్టర్ సిలిండర్, వెల్డింగ్, పైపులు కలిపి 14 వేలన్నాడు. సరేననబోయాను.

"ఉండండి సామీ" అని తన పాత మారుతి జెన్ కారులో కూర్చోబెట్టాడు. ఇంజిన్ ఆపేసి బ్రేకు నాలుగైదు సార్లు తొక్కమన్నాడు. మొదట మెత్తగా దిగిన పెడల్ తర్వాత రాయిలా అయింది. అలాగే తొక్కిపట్టి స్టార్ట్ చేయమన్నాడు. కాలి కింద పెడల్ తనంతట తానే కాస్త లోపలికి జారింది. "ఇంజిన్ గాలి పీల్చేటప్పుడు పుట్టే వాక్యూమ్ పని ఇది. మీ కాలికి ఇంకో కాలు తోడు, అంతే. ఘాట్లో డ్రమ్ములు వేడెక్కి పట్టు వదిలేస్తే ఈ బూస్టర్ ఏం చేస్తుంది?"

తర్వాత చక్రాలు విప్పాడు. వెనక ఎడమవైపు ఆయిల్ సీల్ కారి, బ్రేకు లైనింగ్ నూనె రాసిన దోసెపెనంలా నిగనిగలాడుతోంది. ముందు ఒక వీల్ సిలిండర్లో పిస్టన్ తుప్పుపట్టి బిగుసుకుపోయింది. ఇన్నాళ్లూ నా బలమంతా రెండు చక్రాలకే పోతోందన్నమాట! బూస్టర్ పెట్టించి ఉంటే పెడల్ మెత్తబడేది, బ్రేకులు బాగయ్యాయనుకుని మళ్లీ అదే ఘాటు దిగేవాణ్ణి. తలుచుకుంటే ఇప్పటికీ చెమట పడుతుంది.

సీలు, లైనింగులు, వీల్ సిలిండర్లు, కొత్త బ్రేకు ఆయిల్, డ్రమ్ములకు లేత్ పని, మొత్తం 6,800 అయింది. రెండు రోజులన్నది, సిలిండర్లు చెన్నై నుంచి రావాల్సి ఉండి వారం పట్టింది. పాత బండి ఉన్నవాళ్లకు ఇది కొత్తేం కాదు.

పెడల్ జెన్‌లా దూదిలా లేదు, ఉండదు కూడా. కానీ తొక్కినచోట పడుతోంది, ఒకపక్కకు లాగడం లేదు. మోకాలు మరీ మొండికేస్తే, బాడీ కోయకుండా పైపు మధ్యలో బిగించే బూస్టర్ ఒకటుందట. దాని సంగతి అప్పుడు చూస్తాను.

పోయిన ఆదివారం పలమనేరు వెళ్లొచ్చాం. మొగిలి దగ్గర స్టీరింగ్ పక్కనున్న గేర్ కడ్డీని సెకండులోకి లాగి, బ్రేకు ఊరికే నొక్కిపట్టకుండా అవసరమైనచోట తొక్కుతూ దిగాను. మా ఆవిడ డ్యాష్‌బోర్డు పట్టుకునే కూర్చుంది. బంగారుపాళ్యం దాటాక చెయ్యి తీసింది.