మూడు బోసాన్ల లెక్క: 515 కనిపించింది

పోయిన వారం ఒక రాత్రి పదకొండు దాటాక స్క్రీన్ మీద 515 కనిపించింది. నెల రోజులుగా ఆఫీసు పని అయ్యాక కూర్చుంటున్నది ఈ సంఖ్య కోసమే.

ఒకే రకం బోసాన్లు (ఒకే స్థితిలో ఎన్నైనా ఉండగల కణాలు) మూడు. వాటి ఆకర్షణ బాగా దగ్గరికొస్తేనే పనిచేస్తుంది, స్కాటరింగ్ లెంగ్త్ (తక్కువ శక్తిలో రెండు కణాల మధ్య ప్రభావం ఎంత బలమో చెప్పే పొడవు) అనంతం. అప్పుడు మూడింటి బంధస్థితులు మెట్లుమెట్లుగా వస్తాయని, ఒక్కో మెట్టుకీ బంధశక్తి దాదాపు 515 రెట్లు తగ్గుతుందని 1970లో భౌతిక శాస్త్రవేత్త విటాలీ ఎఫిమోవ్ చెప్పారు. ఎఫెక్టివ్ ఫీల్డ్ థియరీలో (అతి చిన్న దూరాల వివరాలు వదిలేసి లెక్కించే పద్ధతి) ఇదంతా ఒక్క ఇంటిగ్రల్ సమీకరణం. దాన్ని మ్యాట్రిక్స్‌గా మార్చి, డిటర్మినెంట్ సున్నా అయ్యే శక్తులు వెతకాలి.

మామూలు గ్రిడ్‌తో పై మెట్టు ఒక్కటే దొరికింది. అందుకని కటాఫ్ (లెక్కలో తీసుకునే అతి పెద్ద మొమెంటం) నుంచి దానిలో పది కోట్లో వంతు దాకా లాగ్ స్కేలులో 160 గాస్-లెజాండర్ పాయింట్లు (ఇంటిగ్రల్‌ని కూడికగా మార్చే బిందువులు) పెట్టాను. అక్కడే రెండు సాయంత్రాలు పోయాయి. చలరాశిని లాగ్‌కి మార్చినప్పుడు మొమెంటం వర్గం కాస్తా ఘనం అవ్వాలి, అది మర్చిపోయాను. ఇంకోటి, ఒక మొమెంటం మరీ చిన్నదైతే సమీకరణంలో ఉండే లాగ్ లోపలి నిష్పత్తి 1కి అతుక్కుపోయి సగం అంకెలు ఎగిరిపోతాయి. దాని బదులు ఆర్క్‌టాన్‌హెచ్ వాడండి, పైథాన్ లైబ్రరీ నంపైలో ఒక్క లైనే.

తర్వాత కటాఫ్ రెట్టింపు చేశా. ప్రతి శక్తీ సరిగ్గా నాలుగు రెట్లైంది. కోడ్‌లో తప్పుందేమోనని టెన్షన్ పడ్డాను. తప్పు కాదు, ఈ లెక్కలో కటాఫ్ తప్ప వేరే కొలతే లేదు! జంట మధ్య బలం ఎంత బాగా తెలిసినా మూడింటి సంగతి తేలదన్నమాట. మూడు కణాల బలాన్ని మొదటి నుంచే కలపాలని 1999లో బెడాక్, హామర్, వాన్ కోల్క్ చూపించింది ఇందుకే.

అది కలిపి, ఒక మెట్టుని 1 దగ్గర కట్టేసి, కటాఫ్ మారుస్తూ ఆ బలం ఎంత కావాలో గీశాను. గీత అనంతానికి పోయి, అవతలి వైపు నుంచి తిరిగొచ్చి, కటాఫ్ 22.7 రెట్లయ్యేసరికి మళ్లీ మొదటి విలువకే చేరింది. ఇలా తిరిగి తిరిగి మొదటికే రావడాన్ని లిమిట్ సైకిల్ అంటారని చదవడం వేరు, మన లాప్‌టాప్‌లో అది తిరగడం చూడటం వేరు. చాలాసేపు అలాగే చూస్తూ కూర్చున్నాను.

వచ్చే వారం ఇదే లెక్క హీలియం-4 పరమాణువులకి. 2015లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో చూసిన మూడు పరమాణువుల ఉత్తేజిత స్థితి బంధశక్తి మూడు మిల్లీకెల్విన్లు కూడా లేదు. ఇక్కడ స్కాటరింగ్ లెంగ్త్ పెద్దదే గానీ అనంతం కాదు. కాబట్టి జంట బంధశక్తి కంటే ఎక్కువ ఉన్న విలువల్లోనే వెతకాలి, లేకపోతే సమీకరణంలోని హారం సున్నా అయిపోతుంది.